వెనక సీటు హెడ్‌రెస్టు – ఒక చిన్న చరిత్ర

పదవీ విరమణ చేసిన మనబోటి వారికి కుటుంబంలో కారు ఉంటే, అందులో మన స్థానం సాధారణంగా వెనక సీటే. స్టీరింగు కొడుకు చేతిలోనో అల్లుడి చేతిలోనో ఉంటుంది. ముందు సీటులో కోడలో, ఫోనులో దారి చూసి చెప్పే మనవడో కూర్చుంటారు. పెళ్ళిళ్ళకైనా, తిరుపతికైనా, ఆసుపత్రికైనా మన ప్రయాణం వెనక సీటులోనే. ఆ సీటు మీద, మన తల వెనక ఒక చిన్న దిండు ఉంటుంది. దాన్ని హెడ్‌రెస్టు అంటున్నాం. మన సంఘ సభ్యులు పలువురు దాని మీద ఫిర్యాదు చేయగా విన్నాను. ఆనుకుంటే తలను ముందుకు నెడుతుందని కొందరు, దించి ఉంచితే వీపులో పొడుస్తుందని కొందరు. పీకి డిక్కీలో పడేశామని మరికొందరు చెప్పారు.

ఆ దిండు పొడవడం తయారీదారుల అజాగ్రత్త వల్ల కాదు. చాలా మటుకు అది ఆలోచించి, కొలతలు వేసి, ఉత్తర్వులు రాసి పెట్టిన పొడుపే. ఈ సంగతి తెలిశాక నాకు ఆసక్తి కలిగింది. ముప్ఫై అయిదేళ్ళు గుమాస్తాగా పనిచేసిన వాడికి ఏ ఉత్తర్వు కనబడినా ముందు దాని పైన ఉన్న 'సూచిక'లు చూసే అలవాటు పోదు కదా! ఫలానా ఉత్తర్వుకు ముందు ఏ లేఖ నడిచింది, దానికి ముందు ఏ నివేదిక వచ్చింది అని వెనక్కి వెళితే అసలు కారణం తెలుస్తుంది. ఈ దిండు విషయంలోనూ అలాగే వెనక్కి వెళ్ళి తెలుసుకున్న విషయాలను సభ్యుల ముందు ఉంచుతున్నాను.

రైళ్ళ కాలం నాటి మెడనొప్పి

ఈ కథ కార్లతో మొదలు కాలేదు, రైళ్ళతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు ఇంగ్లండులో రైళ్ళు బాగా పెరిగాయి. వాటితోపాటు రైళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకోవడమూ పెరిగింది. అటువంటి ప్రమాదాల్లో ఎముక విరగకుండా, రక్తం కారకుండా బయటపడినవారు కొందరు కొద్దిరోజులకే మెడనొప్పి, వెన్నునొప్పి, తలతిరుగుడు, నిద్రలేమి అంటూ వైద్యుల దగ్గరికి వచ్చేవారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ హాస్పిటల్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ 1866లో ఈ రోగుల గురించి పుస్తకం రాశారు. ఆ బాధకు 'రైల్వే స్పైన్' అనే పేరు వాడుకలోకి వచ్చింది.

పేరు రాగానే తగాదా కూడా వచ్చింది. బాధితులు నష్టపరిహారం కోరారు. రైలు కంపెనీలు బయటికి గాయం కనబడలేదు గనుక ఇది నటన అనో, మానసికమనో వాదించాయి. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు శస్త్రవైద్యుడిగా ఉన్న హెర్బర్ట్ పేజ్ 1883లో ఎరిక్సెన్‌ను ఖండిస్తూ పుస్తకం రాశారు. వెన్నుకు దెబ్బ తగిలిందా, భయం వల్ల కలిగిన బాధా అన్నది కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగింది. కంటికి కనబడని నొప్పిని నమ్మించడం ఎంత కష్టమో, మెడికల్ సెలవు కోసం అర్జీ పెట్టుకున్న ఏ ఉద్యోగిని అడిగినా చెబుతాడు.

కార్లు వచ్చాక అదే బాధ మరో పేరుతో వచ్చింది. 1928లో అమెరికా ఎముకల వైద్యుడు హెరాల్డ్ క్రో, శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక వైద్యుల సమావేశంలో ఇలాంటి మెడ గాయాల గురించి చెబుతూ 'విప్‌లాష్' అనే మాట వాడారు. కొరడా ఝళిపించినప్పుడు దాని కొస ఎలా విదిలించుకుంటుందో, వెనక నుంచి గుద్దు తగిలినప్పుడు తల అలా విదిలించుకుంటుందని దాని భావం. ఆ పేరే నేటికీ నిలిచింది.

సుఖానికి పుట్టిన దిండు

తల ఆనించుకునే దిండు మాత్రం మొదట రక్షణ కోసం పుట్టలేదు. సుఖానికీ హోదాకూ పుట్టింది. మన జమీందారుల పల్లకీల్లో బాలీసులు ఉండేవి. ఇంగ్లండులో మగవారు తలకు మకాసర్ నూనె రాసుకునే రోజుల్లో, కుర్చీల వీపుకు జిడ్డు అంటకుండా పైన ఒక గుడ్డ కప్పేవారు. దానికి 'యాంటీ మకాసర్' అనే పేరే ఉండేది. మన ప్రభుత్వ అంబాసిడర్ కార్లలో వెనక సీటు మీద పరిచిన తెల్ల టర్కీ తువ్వాలు మన సభ్యులందరికీ గుర్తుండే ఉంటుంది. అది ఆ గుడ్డకు దూరపు చుట్టమే. ఆ తువ్వాలును చూసి లోపల ఏ స్థాయి అధికారి కూర్చున్నారో బంట్రోతు దూరం నుంచే పోల్చుకునేవాడు.

కారు సీటుకు తలదిండు అమర్చే ఏర్పాటుకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లండ్ నివాసి బెంజమిన్ కట్జ్ 1920లలోనే పేటెంటు పొందారు. ఆ తరువాత మరికొందరు పొందారు. అయినా నలభై ఏళ్ళకు పైగా అది అదనపు సొమ్ము పెట్టి కొనుక్కునే సౌఖ్యంగానే మిగిలింది. ఎక్కువ కార్లలో సీటు వీపు భుజాల దగ్గరే ఆగిపోయేది.

తల ఎందుకు వెనక్కి పోతుంది?

ఆర్‌టీసీ బస్సులో నిలబడి ప్రయాణం చేసిన వారికి ఈ శాస్త్రం వేరే చెప్పనక్కరలేదు. బస్సు ఒక్కసారి ముందుకు కదిలితే మనం వెనక్కి పడతాం. కాళ్ళను బస్సు తీసుకుపోతుంది, ఒళ్ళు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. కారును వెనక నుంచి మరో బండి గుద్దినప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది. సీటు మన వీపును ముందుకు నెడుతుంది. నాలుగున్నర, అయిదు కిలోల బరువుండే తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ రెంటినీ కలిపి ఉంచేది మెడ ఒక్కటే.

1955లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖకు చెందిన డెర్విన్ సెవెరీ, ఆయన సహచరులు నిజమైన కార్లను వెనక నుంచి గుద్దించి కొలతలు తీశారు. నెమ్మదిగా గుద్దినప్పుడు కూడా బండికి తగిలిన కుదుపు కంటే తలకు తగిలిన కుదుపు ఎక్కువని తేలింది. 1997లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ బృందం మరో సంగతి చూపించింది. తల పూర్తిగా వెనక్కి వాలకముందే మెడ ఎముకల వరుస ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా వంగుతుంది. మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగుతాయి. ఇదంతా సెకనులో పదో వంతు ముగిసేలోపే జరిగిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో మనం మెడ బిగించుకోగలిగేది ఏమీ ఉండదు. తల వెనక్కి పోయే దూరాన్ని తగ్గించడం ఒక్కటే మార్గం. అందుకే దిండు తలకు దగ్గరగా ఉండాలి.

ఇక మన వయసు వారికి ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఒకటుంది. 1954లో అమెరికా శస్త్రవైద్యుడు రిచర్డ్ ష్నైడర్, ఆయన సహచరులు ఒక రకం వెన్నుపాము గాయాన్ని వివరించారు. మెడ ఎముకలు అరిగి, లోపలి దారి ఇరుకైన పెద్దవారిలో తల ఒక్కసారి వెనక్కి విరుచుకుపోతే, ఎముక విరగకపోయినా లోపలి వెన్నుపాము నలుగుతుంది. కాళ్ళ కంటే చేతులు ఎక్కువగా పట్టు తప్పుతాయి. ఇరవై అయిదేళ్ళ మనవడికి నాలుగు రోజుల మెడనొప్పితో పోయే కుదుపు, డెబ్బై ఏళ్ళ తాతగారికి అన్నం కలుపుకునే చెయ్యి లేకుండా చేయవచ్చు. 'సర్వైకల్ స్పాండిలోసిస్' అని డాక్టరు చీటీ రాసి, మెడకు పట్టీ ఇచ్చిన సభ్యులు మనలో ఎందరో ఉన్నారు. హెడ్‌రెస్టు పొడుస్తోందని పీకి పారేసేది కూడా ఎక్కువగా మనమే.

1966 చట్టం, 1969 ఉత్తర్వు

1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది అమెరికా కార్ల తయారీలోని లోపాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. ప్రమాదాలకు డ్రైవరునే తప్పు పట్టే కాలమది. బండి తయారీ కూడా ప్రాణాలు తీస్తుందని ఆయన వాదించారు. దేశమంతా చర్చ జరిగింది. 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టంపై సంతకం చేశారు. దాని అమలుకు ఏర్పడిన సంస్థకు మొదటి అధిపతి విలియం హాడన్. ఆయన ఇంజనీరు కాదు, ప్రజారోగ్య వైద్యుడు. మలేరియాకు దోమతెర ఎలాగో ప్రమాదానికి బండిలోని ఏర్పాటు అలాగని చూసే దృష్టి ఆయనతో వచ్చింది.

ఆ సంస్థ జారీ చేసిన ప్రమాణాల్లో 202వ నంబరుది తలదిండు గురించి. 1969 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి కారులోనూ ముందు సీట్లలో రెండు పక్కలా అది తప్పనిసరి అయింది. కూర్చున్న మనిషి తుంటి కీలు ఉండే చోటు నుంచి కనీసం 27.5 అంగుళాల ఎత్తు ఉండాలన్నారు. ఇక్కడ పేరులో ఒక తేడా గమనించాలి. వాడుకలో అది 'హెడ్‌రెస్ట్', అంటే తలకు విశ్రాంతి. ఉత్తర్వులో మాత్రం 'హెడ్ రిస్ట్రెయింట్', అంటే తలను ఆపేది. తల ఆనించి కునుకు తీయడానికి ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చేయలేదు. మన ఫిర్యాదుల్లో సగం ఈ రెండు పేర్ల మధ్య తేడా తెలియకపోవడం వల్ల వచ్చినవే.

వెనక సీటు సంగతి ఆ ఉత్తర్వులో లేనే లేదు.

దించి వదిలేసిన దిండ్లు

ఉత్తర్వు వచ్చిన తరువాత తయారీదారులు రెండు రకాల దిండ్లు పెట్టారు. సీటుతో కలిసిపోయి ఎత్తుగా ఉండేది ఒకటి. కడ్డీల మీద పైకీ కిందికీ జరిపేది రెండోది. పదమూడేళ్ళ తరువాత, 1982లో, ఆ ప్రభుత్వ సంస్థే ఫలితాలను లెక్కగట్టి నివేదిక ఇచ్చింది. వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో కదలని రకం గాయాల అవకాశాన్ని 17 శాతం తగ్గించింది. జరిపే రకం 10 శాతమే తగ్గించింది. ఈ తేడాకు కారణం చాలా మామూలుది. జరిపే దిండ్లలో నాలుగింట మూడు కిందికి దించినవి దించినట్టే ఉన్నాయి. పైకి లాగేవారే లేరు!

ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇది కొత్త కాదు. అగ్నిమాపక సిలిండరు గోడకు ఉంటుంది, దాని పిన్ను ఎవరూ చూడరు. ఇసుక బకెట్లు ఎర్రరంగుతో వరుసగా ఉంటాయి, వాటిలో బీడీ ముక్కలు ఉంటాయి. వస్తువు ఇచ్చినంత మాత్రాన వాడకం రాదు.

దించిన దిండు తలకు అందక మెడ దగ్గరే ఉండిపోతే మేలు చాలా తగ్గిపోతుంది. తల దాని మీదుగా వెనక్కి వాలుతుంది. 1995లో అమెరికా బీమా కంపెనీల భద్రతా సంస్థ మార్కెట్లోని కార్ల దిండ్లను కొలిచి చూసినప్పుడు, అత్యధిక భాగం నాసి అని తేలింది. ఎత్తు చాలనివి కొన్ని, తలకు చాలా దూరంగా ఉన్నవి కొన్ని.

కావాలని పెట్టిన ఇబ్బంది

ఇక అసలు విషయానికి వద్దాం. 2004 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం 202వ నంబరు ప్రమాణాన్ని సవరించింది. ముందు సీట్ల దిండు ఎత్తు 800 మిల్లీమీటర్ల దాకా ఉండాలని, తలకూ దిండుకూ మధ్య ఖాళీ 55 మిల్లీమీటర్లు మించరాదని నిర్ణయించింది. అంటే సుమారు రెండు అంగుళాలు. కొత్త కార్ల ముందు సీట్లలో దిండు తలను ముందుకు నెడుతున్నట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఈ కొలతే.

వెనక సీటుకు దిండు తప్పనిసరి చేయలేదు. వెనక కూర్చునేవారు తక్కువ, డ్రైవరుకు వెనక అద్దంలోంచి చూపు అడ్డుతుంది, సీటు మడవడానికి ఇబ్బంది అని పలు కారణాలు చెప్పారు. కాని పెట్టదలచుకుంటే మాత్రం 750 మిల్లీమీటర్ల ఎత్తు అందాలని, తగినంత గట్టిగా ఉండాలని నియమం పెట్టారు. చూపు అడ్డకుండా, ఖాళీ సీటులో దాన్ని దించుకోవడానికీ మడుచుకోవడానికీ అనుమతించారు. అయితే 1982 నివేదిక పాఠం వారికి గుర్తుంది. దించిన దిండును మనిషి కూర్చున్నా అలాగే వదిలేస్తాడు. కనుక ఒక షరతు పెట్టారు. దించిన స్థితిలో ఉన్నట్టు కూర్చున్న మనిషికి తప్పకుండా తెలియాలి. దిండు 60 డిగ్రీలకు తగ్గకుండా మడతపడాలి, లేదా కూర్చున్నవారి వీపు వాలును 10 డిగ్రీలు మార్చాలి. 2007లో చేసిన సవరణలో, దించినప్పుడు వీపుకు తగిలి అసౌకర్యం కలిగించే మందం, ఎత్తు ఎంత ఉండాలో కూడా కొలతలు వేసి చేర్చారు. 2008లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి వేదిక మీద తయారైన 7వ నంబరు ప్రపంచ సాంకేతిక నిబంధనలోనూ ఇదే పద్ధతి చోటు చేసుకుంది.

కొన్ని కార్ల వెనక సీటులో దిండు సీటు పైఅంచు మీదకు పెంకులా వంగి, కూర్చోగానే భుజాల మధ్య పొడుస్తుంది. అది 'నన్ను పైకి లాగు' అని చెప్పే మాట. పైకి లాగి, టక్కుమని గాడిలో పడనిస్తే పొడుపు పోతుంది, తల వెనకకు రక్షణ వస్తుంది. ఎక్కువమంది చేస్తున్నది మాత్రం మూడో పని. బొత్తాం నొక్కి దాన్ని పూర్తిగా ఊడదీయడం. ఉత్తర్వు రాసినవారి ఊహకు ఇది అందినట్టు లేదు. గుమాస్తాగా నేను ఇంత మాత్రం చెప్పగలను: కారణం చెప్పకుండా ఇబ్బంది మాత్రమే పెట్టే ఉత్తర్వుకు జనం అడ్డదారి వెతుక్కుంటారు. కారుతో ఇచ్చే పుస్తకంలో ఎక్కడో ఇది రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరులోంచి బయటికి వచ్చిన కార్లు ఎన్ని?

యూరప్‌లోనూ ఈ దిశగా పని జరిగింది. స్వీడన్‌కు చెందిన సాబ్ 1997లో, గుద్దు తగలగానే తలకు దగ్గరగా జరిగే దిండును తెచ్చింది. 1998లో వోల్వో, సీటు మొత్తం మెత్తగా వెనక్కి జరిగి మెడను కాపాడే ఏర్పాటు తెచ్చింది. యూరప్ కార్ల పరీక్షా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2009లో ముందు సీట్లకు మెడ గాయాల పరీక్ష పెట్టింది. వెనక సీట్లను లెక్కలోకి తీసుకున్నది 2014లో. 1969 నుంచి 2014 దాకా నలభై అయిదేళ్ళు! ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఉన్న దూరం అంత.

మన దేశంలో వెనక సీటు

మన దేశంలో వెనక సీటుది మరో చరిత్ర. ఇక్కడ అది పెద్దల సీటు. 1958లో మొదలై 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కారులో అధికారి వెనక కూర్చుంటేనే హోదా. ముందు సీటు డ్రైవరుకూ డఫేదారుకూ. పాత అంబాసిడర్లలో సీటు వీపు భుజాల దాకానే ఉండేది. దాని మీద తువ్వాలు ఉండేది గాని తలకు ఆపు లేదు. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చి మధ్యతరగతి ఇంటికి కారు తెచ్చింది. దాని వెనక సీటు కూడా భుజాల ఎత్తే. ముగ్గురి చోటులో ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు సర్దుకోవడమే మనకు తెలిసిన కొలత.

సీటు బెల్టు విషయంలోనూ వెనక సీటు వెనకే ఉంది. మూడు చోట్ల బిగించే బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా, 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1970 డిసెంబరులో బెల్టు ధారణను చట్టం చేసింది. బ్రిటన్‌లో ముందు సీటు వారికి 1983లో తప్పనిసరి అయితే, వెనక కూర్చునే పెద్దలకు 1991లో గాని కాలేదు. మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకు 1994 నుంచి, వెనక సీట్లకు 2002 నుంచి బెల్టులు అమర్చడం తప్పనిసరి అయింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 138వ నియమం ప్రకారం ముందుకు చూసే వెనక సీటులో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. 2019 సవరణ చట్టంలోని 194-బి సెక్షను దీనికి వెయ్యి రూపాయల జరిమానా విధించింది. అయినా నియమం కాగితం మీద ఉండగా బెల్టు కొక్కేలు సీటు సందుల్లో కూరుకుపోయి ఉంటాయి.

2014 జూన్ 3న కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి గోపీనాథ్ ముండే ఢిల్లీలో కారు ప్రమాదంలో మరణించారు. ఆయన వెనక సీటులో ఉన్నారు. వెనక బెల్టు అలంకారానికి కాదని, అది పెట్టుకొని ఉంటే ఆయన బతికేవారని అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి హర్షవర్ధన్ బహిరంగంగా చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయారు. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు, వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. వెనకవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. వెనక సీటు వాటంతట అదే క్షేమం అనే నమ్మకానికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. బెల్టు పెట్టుకోని కారణంగా పోయినవారు 16,715 మంది. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది ప్రయాణికులు. అంటే దాదాపు సగం మంది స్టీరింగు పట్టనివారే. ప్రమాదాల రకాల్లో అన్నిటికన్నా ఎక్కువ వాటా 'వెనక నుంచి గుద్దడం'ది. అది అయిదింట ఒకటికి పైనే. అందులో లారీలు, మోటారు సైకిళ్ళు అన్నీ కలిసి ఉన్నా, మన మెడ వెనక ఏముందో చూసుకోవడానికి ఆ లెక్క చాలు.

2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ స్టార్ల పద్ధతి మంచి అడుగు. అది ప్రధానంగా ఎదురు గుద్దు, పక్క గుద్దు, స్తంభం గుద్దు పరీక్షల మీద ఆధారపడి మొదలైంది. కనుక స్టార్లు చూసి కొన్న కారులో కూడా వెనక దిండు మన తలకు అందుతుందో లేదో మనమే కూర్చుని చూసుకోవాలి.

అన్ని ఫిర్యాదులూ తోసిపుచ్చదగ్గవి కావు

సభ్యుల ఫిర్యాదుల్లో న్యాయమైనవీ ఉన్నాయి. మెడ గాయాల పరీక్షల్లో చాలాకాలంగా వాడుతున్న బొమ్మ సగటు మగవాడి కొలతలది. స్త్రీలకు ఈ గాయాల ప్రమాదం మగవారి కంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నా, సగటు స్త్రీ కొలతలతో ఇటువంటి బొమ్మను స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గాని ప్రపంచానికి చూపించలేదు. అయిదడుగులకు లోపు ఎత్తున్న, నడుం కొంచెం వంగిన మన ఇంటి పెద్దావిడ ఏ బొమ్మ లెక్కలోనూ లేదు. అయిదడుగుల ఎనిమిదంగుళాల మగవాడికి సరిపోయిన వంపు ఆవిడ నడినెత్తిని ముందుకు నెడుతుంది. ఆవిడ ఫిర్యాదు చేస్తే అది గొణుగుడు కాదు. తయారీదారులు వినవలసిన మాట. కుటుంబంలో కారు కొనేటప్పుడు రంగు, మైలేజీ, టచ్ స్క్రీను చూడటానికి అందరూ వెళతారు. వెనక కూర్చోబోయే పెద్దావిడను షోరూముకు తీసుకుపోయి ఆ సీటులో పావుగంట కూర్చోబెట్టేవారు ఎందరు?

ఫోన్లలో తిరిగే ఒక అపోహను కూడా ఇక్కడే చెప్పాలి. కారు నీటిలో మునిగినా మంటలు లేచినా అద్దం పగలగొట్టడానికే హెడ్‌రెస్టు ఊడి వచ్చేలా చేశారని పదేపదే పంపుకుంటున్నారు. అది నిజం కాదు. ఎత్తు సవరించడానికి, సీటు మడవడానికి, కొన్ని రకాల పిల్లల సీట్లు బిగించడానికి వీలుగా అది ఊడి వస్తుంది. పిల్లల సీటు కోసం తీసినా, అది తీసేశాక తిరిగి పెట్టాలి.

మన వంతు పని

చివరగా, కారు ఎక్కిన తరువాత అర నిమిషంలో అయ్యే పనిని సభ్యులకు మనవి చేస్తున్నాను. నడుమును సీటు వెనక దాకా ఆనించి కూర్చోవాలి. దిండును పైకి లాగి, దాని పైఅంచు నడినెత్తికి సమంగా ఉండేలా చూసుకోవాలి. అంత ఎత్తు రాకపోతే నడినెత్తికి మూడున్నర అంగుళాల కంటే కింద మాత్రం ఉండరాదు. తలకూ దిండుకూ మధ్య ఖాళీ నాలుగు అంగుళాలు మించకూడదు, తగ్గేకొద్దీ మంచిది. గాడిలో పడిందో లేదో చేత్తో నొక్కి చూడాలి. తల ముందుకు నెడుతున్నట్టుంటే, సీటు వీపు వాలు మార్చే వీలున్న కార్లలో ఒక మెట్టు వెనక్కి వాల్చాలి. దిండును తిరగేసి పెట్టరాదు. దాని మీద బజారులో అమ్మే మరో మెత్త వేలాడదీయరాదు. వెనక నడిమి చోటుకు దిండు లేని కారయితే, అందులో మెడ నొప్పి ఉన్నవారిని కూర్చోబెట్టకుండా పక్క సీటు ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా బెల్టు. దిండు మెడను కాపాడుతుంది. బెల్టు మనిషినే కాపాడుతుంది. ముందు కూర్చున్నవారిని కూడా కాపాడుతుంది. 2002లో 'లాన్సెట్' వైద్య పత్రికలో జపాన్ పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం, వెనకవారు బెల్టు లేకుండా ఉంటే, బెల్టు పెట్టుకున్న ముందు సీటువారికి ప్రాణాపాయం దాదాపు అయిదు రెట్లు పెరుగుతుంది. వెనక నుంచి మన బరువు వారి మీదకు విసురుగా పడటమే కారణం. కారు నడిపే కొడుకును 'నెమ్మదిగా పోనియ్యి నాయనా' అని హెచ్చరించే మనం, బెల్టు పెట్టుకోకుండా వాడి వీపు వెనక కూర్చోవడం ధర్మం కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశానికి కార్లలో వచ్చే సభ్యులు, సమావేశం కాగానే ఆవరణలోనే ఒకసారి వెనక సీట్ల దిండ్లు సరిచూసుకునే ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. దీనికి బడ్జెట్టు అక్కరలేదు, తీర్మానం కూడా అక్కరలేదు. డిక్కీలో పడి ఉన్న దిండ్లు ఆ రోజు తిరిగి సీట్ల మీదకు వస్తే చాలు.